గట్టు పక్కన నీలగిరా, కలగలుపు చెట్లా?

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం వైపు తోతాపురి మామిడి తోటను ఆనుకొని బీడు ఉన్నవాళ్లకు, అందులో ఏం వేయాలన్న ఈ మీమాంస తప్పదు.

రాబడి: నీలగిరి నాలుగైదేళ్లకు కోతకొస్తుంది, మోడు మళ్లీ చిగురిస్తుంది. కానుగ, వేప, చింత, జామ కలిపి వేస్తే డబ్బు కళ్లజూడటం ఆలస్యం.

శ్రమ: నీలగిరి తనపాటికి తాను పెరుగుతుంది. కలగలుపుకు రెండు మూడేళ్లు మేకలు మేయకుండా కాపలా ఉండాలి.

పురుగులు: అసలు తేడా ఇక్కడే. ఒకే జాతి తోపులో దాన్ని తినే పురుగు పడితే అడ్డూ అదుపూ ఉండదు. ఆకులపై బొడిపెలు లేపే చిన్న కందిరీగ 2000 తర్వాత దక్షిణాది నీలగిరి తోపుల్ని అలాగే పట్టింది. కలగలుపులో పూత ఒక్కో చెట్టుకు ఒక్కో నెల. కింద రాలిన ఆకు, ఎండుకొమ్మ. మామిడి పూత లేని రోజుల్లో అక్షింతల పురుగులు, సాలీళ్లు, చెడ్డ పురుగుల గుడ్లలో తమ గుడ్లు పెట్టే బుల్లి కందిరీగలు అక్కడే తలదాచుకుంటాయి. పూత రసం పీల్చే తేనెమంచు పురుగు దిగేసరికి, దాన్ని అణచే ఈ మిత్రులు పక్కనే ఉంటాయి. ఆకంతా ఊడ్చి కాల్చేశారా, ఆ లాభం పోయినట్టే! నీలగిరి పూతకూ తేనెటీగలు వస్తాయి, అది ఒప్పుకోవాలి.

రిస్కు: రాలిన జామపండు ఏరి పూడ్చకపోతే పండుఈగను మనమే పెంచినట్టు. నీలగిరేమో పక్క వరుస మామిడి నీళ్లు లాగేస్తుంది.

అప్పు తరుముతూ, బీడు తోటకు దూరంగా ఉంటే నీలగిరి. మామిడికి ఆనుకొని ఉండి, ఏటా పూతకు మందు మీద మందు కొడుతుంటే కలగలుపు.