చిన్న కాంట్రాక్టరుకు ‘కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్’ పాలసీ: వాడి చూసిన తర్వాత

హన్మకొండ, పరకాల, ములుగు చుట్టూ కల్వర్టులు, సీసీ రోడ్లు, పాఠశాల గదులు కట్టే మాలాంటి చిన్న కాంట్రాక్టర్లు లైసెన్సు మీద పెట్టే శ్రద్ధ బీమా మీద పెట్టరు. రిజిస్ట్రేషన్ ఏ క్లాసు, ఎంత విలువ పనికి టెండరు వేయవచ్చు, డిజిటల్ సంతకం గడువు ఎప్పటిదాకా అనేవి అందరికీ నోటికి వచ్చు; వాటిలో ఒక్కటి తప్పినా బిడ్ సాంకేతిక పరిశీలనలోనే ఆగిపోతుంది. బీమా మాత్రం అగ్రిమెంటు రోజున ఫైలులో పెట్టే కాగితంగా మిగిలిపోతోంది. నక్కలగుట్టలోని ఒక ఏజెంటు ద్వారా తీసుకున్న ఈ ‘కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్’ పాలసీని, అంటే నిర్మాణంలో ఉన్న పనికి చేసే బీమాను, ఒక కల్వర్టు పనిలో క్లెయిము దాకా వాడాను.

పాలసీలో రెండు భాగాలున్నాయి. కడుతున్న పనికి జరిగే నష్టం మొదటిదాని కిందికి, పని వల్ల బయటివారికి, వారి ఆస్తికి జరిగే నష్టం రెండోదాని కిందికి వస్తాయి. మన దగ్గర పనిచేసే కూలీ పరంజి మీద నుంచి పడితే ఆ రెండో భాగం వర్తించదు. కార్మికుల పరిహార పాలసీ విడిగా తీసుకోవలసిందే. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన వారితో సెంట్రింగ్ చేయించే ప్రతి కాంట్రాక్టరూ ఈ విషయం పని మొదలుకాకముందే తెలుసుకోవాలి, ఎందుకంటే ప్రమాదం జరిగాక ఆ కుటుంబానికి సమాధానం చెప్పవలసింది మనమే. మిల్లరు, వైబ్రేటరు వంటి యంత్రాలను కూడా పాలసీ షెడ్యూలులో (బీమా చేసిన వాటి పట్టికలో) విడిగా చూపించాలి.

2023 జులై చివర్లో భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి గ్రామం నీట మునిగినప్పుడే మన వాగులు ఒక్క రాత్రిలో ఏం చేయగలవో ఈ ప్రాంతమంతా చూసింది. మా కల్వర్టు దగ్గర వచ్చిన వరద అంత పెద్దది కాకపోయినా, రెక్కగోడకు కట్టిన స్టీలును వంచి, సెంట్రింగ్ పలకలను కొట్టుకుపోయింది. బీమా కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయరు ఆలస్యం చేయకుండా వచ్చి, మిగిలిన ఊచలను టేపుతో కొలిచి, ఎం-బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం)లోని కొలతలు, సిమెంటు, స్టీలు బిల్లులు, తేదీ కనిపించే ఫోటోలు అడిగారు. క్లెయిము మంజూరైంది. అయితే ప్రకృతి వైపరీత్యానికి మనం భరించవలసిన మొత్తం మామూలు నష్టానికి ఉన్నదానికంటే చాలా ఎక్కువగా రాసి ఉంది, ఆ సంగతి ఏజెంటు ముందుగా చెప్పలేదు. వాగు పక్క పని చేసేవారికి ప్రీమియం కంటే ఈ అంకె ముఖ్యమని నా అభిప్రాయం.

ప్రీమియం తగ్గించుకోవడానికి పని విలువను తక్కువ చేసి చూపడం ఇక్కడ మామూలే. అలా చేస్తే చిన్న నష్టానికి కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది. డిజైన్ లోపం, నాసిరకం పనిని సరిచేసే ఖర్చు, ఆలస్యానికి పడే జరిమానా ఎలాగూ రావు. మా ఒప్పందంలో పని అప్పగించాక బయటపడే లోపాలను సరిచేసే బాధ్యత 24 నెలలు. సాధారణ పాలసీ మాత్రం పని అప్పగించగానే ముగుస్తుంది. ఆ 24 నెలల నిర్వహణ కాలానికి అదనపు రక్షణ అడిగి తీసుకోవాలి.

ఈ ఖర్చంతా లెస్ (అంచనా విలువ కంటే తక్కువకు టెండరు) వేయకముందే లెక్కలోకి రావాలి. 2003 నాటి 94వ నంబరు జీవో ప్రకారం బిడ్‌తో 1 శాతం, అగ్రిమెంటు సమయంలో మరో 1.5 శాతం ధరావతు కట్టాలి. 25 శాతానికి మించి లెస్ వేస్తే ఆపై తేడాకు కూడా హామీ చూపాలి. అంతదాకా దిగినవారికి సరైన బీమాకు డబ్బు మిగలదు.

రక్షణ విషయంలో ఈ పాలసీ కొనదగినదే. ఏజెంటు సేవ మాత్రం సగమే బాగుంది. పని గడువు పొడిగింపు ఉత్తర్వు ఇంజినీరింగ్ కార్యాలయం నుంచి వచ్చేసరికి పాలసీ తేదీ దాటిపోయే ప్రమాదం ఉంది కనుక, ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా పాత తేదీ ముగిసేలోగా పొడిగింపు ప్రీమియం కట్టి, పాలసీలో ఆ మార్పు నమోదైనట్టు చూపే ఎండార్స్‌మెంటు కాగితం చేతికి తీసుకోండి.