పలక పాట్ కాల్: టర్కీ పెట్ట గొంతు పలికించాలంటే మొదట కొనాల్సింది ఇదే

అమెరికాలో వసంతకాలపు అడవి టర్కీ కోడి వేటకు ఒక్క కాల్ (పెట్ట కూతని అనుకరించి పుంజుని రప్పించే పరికరం) మాత్రమే కొనగలిగితే, రాతి పలక బిగించిన పాట్ కాల్ కొనండి. మూతని అంచు మీద రుద్ది పలికించే చెక్క పెట్టె, అంటే బాక్స్ కాల్, దీనికంటే సులువుగా పలుకుతుంది, గాలి వీస్తున్నా దూరానికి వినబడుతుంది. 1897లో హెన్రీ గిబ్సన్ పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి దాని రూపం పెద్దగా మారలేదంటేనే ఆ పనితనం తెలుస్తుంది. నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్‌కైతే చేతులతో పనే లేదు. అయినా మా ఓటు పలకకే. పుంజు దగ్గరికొచ్చి, తుపాకీ దూరానికి కాస్త అవతల ఆగిపోయినప్పుడు దాన్ని మరో నాలుగడుగులు వేయించేవి పెట్ట చేసే మెల్లని చప్పుళ్లు: క్లక్ (పొట్టి కూత), పర్ (గురగుర). కొత్తవాళ్ల చేతిలో అవి నిజమైన పెట్ట గొంతులా వచ్చేది పలక మీదే.

వస్తువు చిన్నదే. అరచేతిలో ఇమిడే గుండ్రటి గిన్నె, పైన పలక, దాని కింద కాస్త ఖాళీ వదిలి సౌండ్‌బోర్డ్ అనే బిళ్ల, అడుగున రంధ్రాలు. పలక మీద గీసే పుల్లని స్ట్రైకర్ అంటారు. కొనేముందు గిన్నెని చెవి దగ్గర ఆడించి చూడండి. లోపల ఏదైనా కదిలిన చప్పుడొస్తే జిగురు ఊడినట్టే, తీసుకోవద్దు. గిన్నె మీది నగిషీకి డబ్బు పోయకండి. ఆ డబ్బుతో ఇంకో రెండు స్ట్రైకర్లు కొనుక్కోండి. హికరీ కర్ర ఒకలా, పర్పుల్‌హార్ట్ కర్ర ఒకలా పలుకుతాయి కాబట్టి ఒకే గిన్నెతో మూడు పెట్టలు కూసినట్టు వినిపించవచ్చు.

కొత్త పలక నున్నగా ఉంటుంది. అలాగే గీస్తే పుల్ల జారుతుంది, లేదా కీచుమంటుంది. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్‌తోగానీ సన్నటి ఉప్పుకాగితంతోగానీ, మెరుపు పోయేదాకా ఒకే దిశలో రుద్దండి. దుమ్ము దులిపి, ఆ గీతలకు అడ్డంగా వాయించండి. పలకని వేలితో తాకొద్దు. చర్మం మీది జిడ్డు అంటుకున్న చోట స్వరం చచ్చిపోతుంది. స్ట్రైకర్ మొన కూడా వాడగా వాడగా నున్నబడుతుంది. దాన్నీ ఉప్పుకాగితం మీద రెండుసార్లు తిప్పాలి. సుద్ద పూయాల్సింది బాక్స్ కాల్‌కి, పలకకి కాదు.

గిన్నెని వేళ్ల కొసలతో అంచుల దగ్గర పట్టుకోండి. అరచేయి రంధ్రాలను మూసేస్తే శబ్దం లోపలే అణిగిపోతుంది. స్ట్రైకర్‌ని కలంలా, కాస్త ఏటవాలుగా పట్టుకుని, అంచుకీ నడిమధ్యకీ నడుమ చిన్న కోడిగుడ్డు ఆకారాలు గీయండి. మొన పలకని ఎక్కడా వదలకూడదు. ఇలా వచ్చేది యెల్ప్, పెట్ట మామూలు కూత. అది ఒక్క శబ్దం కాదు. సన్నగా మొదలై, విరిగి, గరగరమనే కింది స్వరంలోకి దిగుతుంది. ఆ విరుపు రాకపోతే సాధారణంగా తప్పు మణికట్టుది. గట్టిగా నొక్కుతున్నారన్నమాట. అంచు వైపు జరిగితే స్వరం పెరుగుతుంది, మధ్యకి జరిగితే తగ్గుతుంది. ప్రతి గిన్నెకీ బాగా పలికే చోటు ఒకటుంటుంది. అది దొరికాక అంచు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. మామూలు యెల్ప్ వరసలో 3 నుంచి 9 స్వరాలు చాలు. తెల్లవారకముందు చెట్టు మీది పెట్ట కూతకి 3 నుంచి 5, అదీ గుసగుసలా.

క్లక్‌కి మొనని ఆనించి, మీ వైపు చటుక్కున ఒక చిన్న గీత. పర్‌కి దాదాపు బరువే పెట్టకుండా, నెమ్మదిగా లాగాలి. పుల్ల పలక గరుకు మీద చిన్నచిన్నగా ఎగురుతుంటే మేత మేసే పెట్ట గురగుర వస్తుంది.

కొత్తవాళ్లు పుంజుని పోగొట్టుకునేది ఇక్కడే: క్లక్‌ని మరీ పదునుగా కొడితే అది పట్ అవుతుంది, అంటే ప్రమాద సూచన. క్లక్ తర్వాత వెంటనే పర్ కలిపితే ఆ భయం ఉండదు. ఇంకొకటి, అతిగా పిలవడం. ప్రకృతిలో గాబుల్, అంటే పుంజు కూత, వినిపిస్తే పెట్టే దాని దగ్గరికి వెళుతుంది. వేటగాడు ఆ పద్ధతిని తిరగేసి పుంజుని రమ్మంటున్నాడు. ప్రతి గాబుల్‌కీ జవాబిస్తే, పెట్టే వస్తుందిలే అని అది ఉన్నచోటే నిలబడి పురి విప్పుతుంది. జవాబిస్తూ దగ్గరవుతున్న పుంజు విషయంలో పలక కింద పెట్టేయడమే మంచిది.

లోపాలూ ఉన్నాయి. దీనికి రెండు చేతులూ కావాలి. పుంజు కనుచూపులోకి వచ్చాక చేయి కదిలితే పట్టేస్తుంది కాబట్టి, తుపాకీ అందుకునే 40 గజాల దూరం లోపల ఇది పనికిరాదు. వాన పడితే పలక మూగబోతుంది. ఆ రోజుకి గాజు పాట్, తడిలోనూ పలికే యాక్రిలిక్ లేదా కార్బన్ స్ట్రైకర్ వెంట ఉండాలి. సంచిలో పలక మీద మెత్తటి గుడ్డ వేయండి, లేకపోతే నడకలో పుల్ల తగిలి అదే కూస్తుంది.

ఈ కాల్ ఎంత సహజంగా పలుకుతుందంటే, ఇంకో వేటగాడు కూడా పెట్టే అనుకుని మీ వైపు వస్తాడు. మీ భుజాలకంటే వెడల్పైన చెట్టుకి వీపు ఆనించి కూర్చోండి. పుంజు తల రంగులైన ఎరుపు, తెలుపు, నీలం ఒంటి మీద కనబడనీయకండి. ఎవరైనా వస్తుంటే చేయి ఊపొద్దు, కాల్ వాయించొద్దు. గట్టిగా మనిషి గొంతుతో మాట్లాడండి.