ఎల్-ట్రిప్టోఫాన్ క్యాప్సూల్స్ కొనేవారికి హెచ్చరిక

నిద్ర కోసం ఎల్-ట్రిప్టోఫాన్ క్యాప్సూల్స్ కొనాలనుకునేవారు, ముఖ్యంగా డిప్రెషన్‌కో ఆందోళనకో ఇప్పటికే మందులు వాడుతున్నవారు, డబ్బు చెల్లించే ముందు నాకు జరిగినది తెలుసుకోవాలని కోరుతున్నాను.

డిప్రెషన్‌కు, ఆందోళనకు ఇచ్చే ఎస్కిటలోప్రామ్ అనే మందును డాక్టరు రాస్తే, నేను చాలా కాలంగా వాడుతున్నాను. సరిగా నిద్ర పట్టకపోవడంతో, సీసా మీద ‘సహజ అమైనో ఆమ్లం’ అన్న మాట చూసి, ఇక డాక్టరును అడిగే పనేముందని ఈ క్యాప్సూల్స్ తెప్పించుకున్నాను. మొదటి రెండు రాత్రులు ఒక్కొక్కటి వేసుకుంటే కాస్త వికారం తప్ప మరేమీ అనిపించలేదు. మూడో రాత్రి, లేబుల్ మీద రాసిన మోతాదు ప్రకారమే, రెండు వేసుకున్నాను. మూడు గంటలు గడవకముందే ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడి, దవడ బిగుసుకుపోయింది. మంచినీళ్ల గ్లాసు నోటిదాకా తెచ్చుకునేలోపే సగం నీళ్లు ఒళ్లో ఒలికిపోయాయి. అమ్మినవారికి రాస్తే, ‘ఒంటికి అలవాటయ్యేదాకా అలాగే ఉంటుంది, ఆపకండి’ అని జవాబిచ్చారు. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ జవాబే.

ఆసుపత్రిలో డాక్టరు నా పాదాన్ని ఒక్కసారిగా పైకి వంచి పట్టుకోగానే అది దానంతటదే టకటకా కొట్టుకోసాగింది. ఇది సెరోటోనిన్ సిండ్రోమ్ అని, అంటే నాడీకణాల మధ్య సంకేతాలు మోసే సెరోటోనిన్ అనే రసాయనం మితిమీరడమని, ముదిరితే తీవ్ర జ్వరం, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చని చెప్పారు. ట్రిప్టోఫాన్ శరీరంలో సెరోటోనిన్‌గా మారుతుంది. నా మందేమో ఆ సెరోటోనిన్‌ను నాడీకణాలు తిరిగి పీల్చుకోకుండా అడ్డుకుంటుంది. నొప్పికి ఇచ్చే ట్రమడాల్‌తోనూ, కొన్ని దగ్గుమందుల్లో ఉండే డెక్స్ట్రోమెథార్ఫన్‌తోనూ జాగ్రత్త అవసరమే. అయితే భయపడి డాక్టరు రాసిన మందును మీ అంతట మీరే ఆపివేయవద్దు, ఆపవలసినది సప్లిమెంటును.

1989లో అమెరికాలో ట్రిప్టోఫాన్ వాడిన 1,500 మందికి పైగా తీవ్రమైన కండరాల నొప్పులతో, రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు విపరీతంగా పెరిగి జబ్బుపడ్డారు. 30 మందికి పైగా మరణించారు. ఆ కేసుల్లో అత్యధికం ఒకే తయారీదారు సరుకుతో ముడిపడి ఉన్నాయని, అందులో కల్తీ పదార్థాలు చేరాయని తేలింది. నాది కల్తీ సమస్య కాదు, రెండు మందులు కలవడం వల్ల వచ్చినది. అయినా బ్యాచ్ నంబరు ఉన్న సీసాను పారేయకుండా దాచి, డాక్టరుకు చూపించాను.

‘డిప్రెషన్ మందులతో వాడరాదు’ అన్న వాక్యం ఆ సీసా మీద లేకపోలేదు. లేబుల్ అంచును గోరుతో పైకి లేపితే, లోపలి మడతలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.