వర్డ్‌లోని రీడబిలిటీ స్కోరు: తొమ్మిదేళ్లు వాడాక

సివిల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తూ 2016లో థీసిస్ రాయడం మొదలుపెట్టాను. నా మొదటి చాప్టర్ రెండు పేజీలు చదివి తల పట్టుకున్న సీనియర్ ఒకాయన, నా వర్డ్‌లో ఒక టిక్కు పెట్టి వెళ్లిపోయాడు. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్తే 'షో రీడబిలిటీ స్టాటిస్టిక్స్' అని ఉంటుంది. అది ఆన్ చేస్తే స్పెల్లింగ్, గ్రామర్ చెకింగ్ అయ్యాక ఒక చిన్న బాక్సు వస్తుంది. అందులో, రాసిన ఇంగ్లిష్ చదవడానికి ఎంత తేలికో చెప్పే 'ఫ్లెష్ రీడింగ్ ఈజ్' అనే అంకె చూడాలి. 60, 70 మధ్య ఉంటే మామూలు ఇంగ్లిష్. 30 కంటే తక్కువైతే బాగా కష్టం. నాకు వచ్చింది 19.

నిజం చెప్పాలంటే అప్పుడు గర్వపడ్డాను. కష్టంగా ఉంటేనే పరిశోధన అనుకునే వయసు. మా గైడ్ మాత్రం మార్జిన్‌లో "దీని అర్థం?" అని పదకొండు చోట్ల రాసి పంపారు.

ఆ అంకె ఎలా వస్తుందో తెలిస్తే వాడటం తేలిక. 206.835లోంచి రెండు తీసేస్తారు: వాక్యానికి సగటున ఎన్ని పదాలో ఆ సంఖ్యను 1.015తో హెచ్చవేసి ఒకటి, పదానికి సగటున ఎన్ని సిలబుల్సో (పలికేటప్పుడు విడిపడే ముక్కలు) దాన్ని 84.6తో హెచ్చవేసి ఇంకొకటి. నా చాప్టర్‌లో వాక్యానికి 35 పదాలు, పదానికి 1.8 సిలబుల్స్. లెక్క కడితే సరిగ్గా ఆ 19. వాక్యాలు విరగ్గొట్టి సగటు 17కి తెస్తే స్కోరు 37 అయింది. 'యుటిలైజేషన్' ఉన్నచోటల్లా 'యూజ్' పెట్టుకుంటూ సిలబుల్స్ 1.6కి దించితే 54 దాటింది. యుటిలైజేషన్‌కి ఐదు సిలబుల్స్, యూజ్‌కి ఒక్కటే. అర్థం ఇసుమంతైనా మారలేదు.

అయితే నా సబ్జెక్టు జియోపాలిమర్ కాంక్రీటు, అంటే మామూలు సిమెంటు బదులు వేరే పదార్థాలతో చేసే కాంక్రీటు. ఆ మొదటి మాటకే ఐదు సిలబుల్స్, పేజీకి పదిసార్లు వస్తుంది, మార్చడానికి వీల్లేదు. దానివల్ల స్కోరు ఎప్పుడూ అన్యాయంగా కిందికి లాగేది. అందుకని ఒక చిట్కా కనిపెట్టాను. ఫైండ్, రీప్లేస్‌లో జియోపాలిమర్ బదులు 'మడ్' అని పెట్టి స్కోరు చూసుకోవడం, మళ్లీ వెనక్కి మార్చడం. ఒకరోజు రాత్రి రెండింటికి వెనక్కి మార్చడం మర్చిపోయి గైడ్‌కి మెయిల్ కొట్టేశాను. పొద్దున్నే ఫోన్. "ఏమయ్యా, మనం మట్టి కాంక్రీటు మీద ఎప్పట్నుంచి పనిచేస్తున్నాం?" మీరూ ఈ చిట్కా వాడితే ఫైలుకి కాపీ తీసి అందులో వాడండి.

ఇక అసలు లోపం. ఈ స్కోరుకి అర్థంతో పని లేదు. వాక్యంలో పదాలన్నీ తలకిందులు చేసి పెట్టినా అదే అంకె ఇస్తుంది. మా భాషలో చెప్పాలంటే ఇది స్లంప్ టెస్టు లాంటిది. తడి కాంక్రీటు ఎంత సులువుగా జారుతుందో చెబుతుంది గానీ, 28 రోజుల తర్వాత గట్టిపడ్డ దిమ్మె (క్యూబు) ఎంత బరువు మోస్తుందో చెప్పదు. నీళ్లు ఎక్కువ పోస్తే స్లంప్ పెరుగుతుంది, బలం పోతుంది. నేనూ అలాగే ఒకసారి ప్రతి వాక్యాన్నీ నరికి 'ఎందుకంటే', 'అయినా' లాంటి అతుకులన్నీ తీసేశాను. స్కోరు పెరిగింది. ఏది కారణమో ఏది ఫలితమో మాత్రం తెలియకుండా పోయింది.

ఉద్యోగంలో చేరాక ఇది ఇంకా బాగా తెలిసొచ్చింది. డిజైన్ కన్సల్టెన్సీలో క్లయింటుకి ఒక మెయిల్ రాశాను. స్కోరు 72. చిన్న వాక్యాలు, చిన్న మాటలు. మొదట సాయిల్ రిపోర్టు ఎందుకు ఆలస్యమైందో చెప్పాను, తర్వాత కాలమ్ సైజు ఎందుకు మారిందో చెప్పాను, చివర్లో "కాబట్టి గురువారంలోగా డ్రాయింగ్ ఆమోదించండి, లేకపోతే శనివారం స్లాబు పోయలేం" అన్నాను. ఆయన ఫోన్‌లో పై నాలుగు లైన్లు చూసి, ఏదో సమాచారం కాబోలనుకుని వదిలేశాడు. శనివారం సైటుకి మిక్సర్ వచ్చింది, ఆమోదం రాలేదు.

అడగాల్సింది చివర్లో అడిగే ఆ అలవాటు మనకి ఎక్కడిదో తర్వాత తట్టింది. చిన్నప్పటి లీవ్ లెటర్. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని జ్వరంతో మొదలుపెట్టి, సెలవు ఇప్పించమని ఆఖర్న వేడుకోవడం. క్రియ చివర వచ్చే భాషలో పెరిగినవాళ్లం, అడిగేది చివర అడగడమే మర్యాద అనిపిస్తుంది. అది ఏ స్కోరూ పట్టుకోదు. ఇప్పుడు నేను మెయిల్ మొత్తం నాకు తోచినట్టు రాసేసి, ఆఖరి పేరా కట్ చేసి మొదట అతికిస్తాను. పదిలో ఎనిమిదిసార్లు అంతకుమించి మార్చాల్సిన పని ఉండదు.

ఇంకో మాట. 1948లో ఈ సూత్రం ఇచ్చిన రుడాల్ఫ్ ఫ్లెష్ పుట్టింది వియన్నాలో. ఇంగ్లిష్ ఆయన మాతృభాష కాదు. ఆ బాక్సులోనే కనిపించే రెండో అంకె, గ్రేడ్ లెవెల్, 1975లో కిన్‌కెయిడ్ బృందం అమెరికా నౌకాదళం కోసం చేసింది. నేను ఆ రెండోది పట్టించుకోను. అమెరికాలో ఎన్నో తరగతి పిల్లవాడికి అర్థమవుతుందో తెలుసుకుని నేనేం చేయాలి?

ఐదుకి మూడున్నర ఇస్తాను. థీసిస్ రాసేవాళ్లు మొదటి డ్రాఫ్టులో దీని జోలికి వెళ్లొద్దు. రెండోసారి దిద్దేటప్పుడు పేరా పేరా సెలెక్ట్ చేసి చూడండి, ఎక్కడ 20 కిందకి పడిందో అక్కడ కచ్చితంగా ఏదో ఇరుక్కుని ఉంటుంది.

తెలుగుకి ఇది పనికిరాదు. ఆ అంకెలు ఇంగ్లిష్ కోసం కట్టినవి. మనకి 'చేయించుకోలేకపోయామని' అన్నది ఒకే పదం, దానికి ఎవరు ఏ మార్కు వేస్తారు? ఈమధ్య మా అపార్ట్‌మెంటు సంపు శుభ్రం చేయించడానికి తెలుగులో నోటీసు రాయాల్సి వచ్చి, మా నాన్నకి చూపించాను. రెవెన్యూ ఆఫీసులో ముప్ఫై ఏళ్లు "పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేయునది ఏమనగా" అని రాసిన మనిషి. సంపులో ఎంత మట్టి చేరిందో, ఎవరెవరు ఫిర్యాదు చేశారో రాసిన నా నాలుగు లైన్లు చదివి, "ఏరా, నీళ్లు ఎప్పుడు రావో చెప్పవేంట్రా?" అన్నారు. కింద ఉంది నాన్నా అన్నాను. పెన్ను తీసుకుని పైన మూడు లైన్లు కొట్టేశారు. "ఆదివారం ఉదయం 6 నుంచి 11 వరకు నీళ్లు రావు" అన్నది మొదటి లైను అయింది. లిఫ్టు దగ్గర అంటించింది అదే.