హనుమకొండలో సౌండ్‌బార్ కొనేవాళ్లు ఇది చదివి వెళ్లండి

షాపు నుంచి ఇప్పుడే వచ్చాను, కోపం ఇంకా దిగలేదు. మా అత్తమ్మ రోజూ రాత్రి టీవీలో యూట్యూబ్ పెట్టుకుని పాత ఒగ్గు కథలు వింటుంది. ఊళ్లలో ఎవరో తీసి పెట్టినవి, సౌండ్ అసలే తక్కువ, బాగా పెంచితేగానీ మాట వినపడదు. మల్లన్న కథ మంచి పట్టు మీదున్నప్పుడు యాడ్ పడితే ఇల్లంతా అదిరిపోతుంది, ఊయలలో పాప ఉలిక్కిపడి లేచి ఒకటే ఏడుపు.

సౌండ్‌బార్ కొన్నదే దీనికోసం. షాపాయనకు ఇదంతా విడమరిచి చెప్పాను. "ఇందులో ఆటో వాల్యూమ్ ఉందమ్మా, కథైనా యాడైనా ఒక్కటే సౌండ్ వస్తది, నాదీ గ్యారెంటీ" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే రిమోట్ మీద అలాంటి బటనే లేదు, డబ్బాలో ఇచ్చిన పుస్తకంలో ఆ ఊసే లేదు. పైగా బేస్ తోడై యాడ్ ముందుకన్నా గట్టిగా మోగుతోంది.

ఇవాళ తిరిగి తీసుకెళ్లాం. ఆయన తల కూడా ఎత్తలేదు, ఫోన్ చూసుకుంటూనే "యాడ్ వచ్చినప్పుడు రిమోట్ నొక్కుకోవాలె అమ్మా, అది కూడా మేమే వచ్చి నొక్కాల్నా?" అన్నాడు. కౌంటర్ దగ్గర పిల్లలు నవ్వారు. పక్కనే అత్తమ్మ ఉంది, పెద్దమనిషి, ఆమె ముందు ఆ మాట! గ్యారెంటీ అన్నారు కదా అంటే "నేనెప్పుడన్న?" అని, బిల్లు మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అనే ముద్ర మీద వేలు పెట్టి చూపించాడు. డబ్బులకన్నా ఆ వేలే గుర్తొచ్చి మండుతోంది.

అసలు సంగతేంటంటే, యాడ్ తీసేవాళ్లు సన్న శబ్దాలను కూడా పైకి లేపి మొదటినుంచి చివరిదాకా గట్టిగానే నింపుతారు. పాత రికార్డింగ్ పక్కన అది అరుపులాగే వినిపిస్తుంది. కేబుల్ టీవీలో యాడ్ల సౌండ్ మరీ ఎక్కువ ఉండకూడదని 1994 నాటి కేబుల్ రూల్స్‌లోనే ఉంది, అవి ఈ ఆన్‌లైన్ వీడియోలకు వర్తించవు.

కొనేముందు షాపులోనే మీ ఫోన్ కలిపించి, మీరు రోజూ చూసే వీడియో, మధ్యలో వచ్చే యాడ్ రెండూ వినండి. నోటి మాట వద్దు, ఫలానా సౌకర్యం ఉందని బిల్లు మీదే రాయించుకోండి. లేనిది ఉందని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పు, ఆ ముద్ర చూసి భయపడి వెనక్కి రాకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఫిర్యాదు తీసుకుంటారు. రేపు పొద్దున నేను చేస్తున్నాను.