ఫార్మల్ నైట్‌కు ఏ దుస్తులు: మూడు ఓడల అనుభవం

విహార ఓడ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఫార్మల్ నైట్, అంటే అందరూ విందు దుస్తుల్లో భోజనానికి వచ్చే రాత్రి. రేవుల్లో దిగి చూసిన ఊళ్ల కంటే ఆ సాయంత్రాలే నాకు ఎక్కువగా గుర్తున్నాయి. ఐదున్నర అయ్యేసరికి కేబిన్ల మధ్య దారి రూపే మారిపోతుంది. పగలంతా ఈత దుస్తుల్లో, రబ్బరు చెప్పుల్లో తిరిగిన మనుషులే నల్ల కోట్లలో, నేల మీద జీరాడే గౌన్లలో తలుపులు తీసుకుని బయటికి వస్తారు. లిఫ్టు దగ్గర ఒకరికొకరు దారి ఇచ్చుకుంటారు, గొంతులు తగ్గుతాయి. ఆ ఒక్క సాయంత్రం కోసం పెట్టెలో సగం నింపుకుని వెళ్లిన వాళ్లను చూశాను, ఏమీ తెచ్చుకోక భోజనశాల గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగిన వాళ్లనూ చూశాను. రెండూ అక్కర్లేదని మూడు ప్రయాణాల తర్వాత నాకు గట్టిగా అనిపిస్తోంది.

మొదటిది వేల మంది పట్టే పెద్ద ఓడ, ఏడు రాత్రుల ప్రయాణం. అందులో రెండు ఫార్మల్ నైట్‌లు. చాలా సంస్థల్లో దాదాపు ఇదే లెక్క. కార్నివాల్ సంస్థ ఈ సాయంత్రాన్ని ‘క్రూయిజ్ ఎలిగెంట్’ అంటుంది. 2 నుంచి 5 రోజుల ప్రయాణానికి ఒకటి, 6 రోజులు, అంతకు మించితే రెండు ఉంటాయి. సాధారణంగా ఓడ ఏ రేవుకూ చేరని రోజునే వీటిని పెడతారు, తయారు కావడానికి అందరికీ తీరిక ఉంటుందని. మొదటి రాత్రి మాత్రం దాదాపు ఎక్కడా పెట్టరు. రేవులో అప్పగించిన పెట్టెలు కేబిన్ తలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక్కోసారి రాత్రి అవుతుంది. పాత కాలపు ప్రయాణికుల ఓడల్లోనూ మొదటి రాత్రి విందు దుస్తులు వేసుకోకపోవడం మర్యాదగానే చెలామణి అయింది.

ఆ ఓడలో నేను చూసినంతలో మగవాళ్లలో టక్సీడో, అంటే బో టైతో వేసుకునే నల్లని విందు సూటు, వేసుకున్నవాళ్లు చాలా తక్కువ. ముదురు రంగు సూటు, టై ఎక్కువ. కోటు లేకుండా పొడుగు చేతుల చొక్కా, మంచి ప్యాంటు వేసుకున్నవాళ్లనూ ఆదరంగా లోపలికి పిలిచారు. ఆడవాళ్లలో పొడుగు గౌన్లు, మోకాళ్ల దాకా వచ్చే నల్ల గౌన్లు, మెరిసే జాకెట్‌తో పట్టు ప్యాంటు, అన్నీ కనిపించాయి. ఏదీ వింతగా లేదు. ఎవరూ ఎవరినీ ఎగాదిగా చూడలేదు. ఆ సాయంత్రాన్ని గౌరవిస్తున్నట్టు కనిపిస్తే చాలు, అంతకు మించి అక్కడ ఎవరూ కోరరు.

ఆ ఓడలో మాకు చేదు మిగిల్చింది ఇస్త్రీ. నిప్పు అంటుకునే ప్రమాదం ఉందని దాదాపు ఏ ఓడలోనూ కేబిన్‌లో ఇస్త్రీ పెట్టె గానీ, ఆవిరితో ముడతలు తీసే పరికరం గానీ వాడనివ్వరు. పెట్టెలో కనిపిస్తే తీసుకుని, దిగేటప్పుడు తిరిగి ఇస్తారు. ఇది తెలిసే నా భార్య గౌనును ఫార్మల్ నైట్ నాటి ఉదయం ఓడవాళ్ల ఇస్త్రీకి ఇచ్చాం. సాయంత్రంలోగా ఇస్తామన్నారు. మా భోజనం ఆరింటికి. ఆరుంబావుకు కూడా రాలేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే ‘దారిలో ఉంది’ అన్నారు. ఏడున్నరకు తలుపు తట్టారు. ఆమె అప్పటికే పగటి గౌను వేసుకుని, నా ఎదురుగా కూర్చుని, సగం భోజనం తిని వచ్చేసింది. ఆ గౌను ఆమె తన ఇరవై అయిదో పెళ్లిరోజు కోసం కుట్టించుకున్నది. ఆ రాత్రి ఓడలోని ప్రయాణికులందరి దుస్తులూ ఒకే గదికి చేరతాయని ముందే అనుకున్న వాళ్లు ఆ పని ఇంకా ఎంతో ముందు మొదలుపెట్టాలి కదా. క్షమాపణ చెప్పారు, డబ్బు తీసుకోలేదు. అయినా పోయిన సాయంత్రం తిరిగి రాలేదు.

అప్పటి నుంచి మేం రెండు పనులు చేస్తున్నాం. ఇస్త్రీకి ఇవ్వదలిస్తే ఓడ ఎక్కిన రోజే ఇస్తాం. అసలు ఇస్త్రీ అవసరం పడని బట్టనే ఎంచుకుంటాం. క్రేప్, జెర్సీ వంటి బట్ట చుట్టి పెట్టినా ముడత పడదు. నార బట్ట, పలచని పట్టు గంటలోనే నలిగిపోతాయి. చిన్న ముడతలైతే స్నానాల గదిలో వేడి నీళ్లు వదిలి, ఆవిరి కమ్మిన చోట పావుగంట వేలాడదీస్తే సాగిపోతాయి. సూటును మడిచేటప్పుడు భుజాలు లోపలికి తిప్పి, మధ్యలో పలచని కాగితం పెడితే మడత గీత పడదు.

రెండోది నేను ఎన్నాళ్లుగానో కోరుకున్న ప్రయాణం: క్యునార్డ్ సంస్థ ‘క్వీన్ మేరీ 2’ ఓడలో సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు అట్లాంటిక్ మీదుగా ఏడు రాత్రులు. 2004లో ప్రయాణం మొదలుపెట్టిన ఓడ ఇది. విందు దుస్తుల సంప్రదాయాన్ని మనసారా నిలబెడుతున్న చోటు ఏదని నన్నడిగితే దీన్నే చెబుతాను. సాయంత్రం ఆరు దాటితే అన్ని రోజులూ కొంత తీరైన దుస్తులు కావాలి. అక్కడ ఫార్మల్ నైట్‌ను ‘గాలా ఈవెనింగ్’ అంటారు. ఆ రోజున మగవాళ్లకు టక్సీడో లేదా ముదురు సూటు, బో టై లేదా మామూలు టై. ఆడవాళ్లకు సాయంత్రపు గౌను, లేదా అంతే హుందాగా ఉండే మరేదైనా. ఎవరి దేశపు విందు దుస్తులు వాళ్లు వేసుకోవచ్చని కూడా సంస్థ స్పష్టంగా చెబుతుంది. అందుకే ఆ రాత్రి క్వీన్స్ రూమ్ నాట్యశాలలో స్కాట్లాండ్ కిల్ట్, జపాన్ కిమోనో, అంచు మెరిసే పట్టుచీర ఒకే వరుసలో కనిపించాయి. గాలా రాత్రికి నలుపు తెలుపు, ముసుగుల విందు వంటి ఇతివృత్తం కూడా పెడతారు. నలుపు తెలుపు రాత్రికి వేరే గౌను అక్కర్లేదు, ఉన్న నల్ల గౌను మీద తెల్ల శాలువా వేసుకుంటే సరిపోయింది.

ఆ ఓడలో ఒక దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మా కేబిన్‌కు రెండు తలుపుల అవతల ఎనభై దాటిన పెద్దాయన ఒంటరిగా ప్రయాణిస్తున్నారు. మొదటి గాలా సాయంత్రం ఆయన తలుపు బయట, గోడ లైటు కింద నిలబడి ఉన్నారు. చేతులు వణుకుతున్నాయి. విప్పి ఉన్న బో టై మెడ చుట్టూ వేలాడుతోంది. ఆ వరస గదులు చూసే స్టీవార్డ్ కుర్రాడు చేతిలోని తువ్వాళ్లు కింద పెట్టి, ఆయన గడ్డం కొంచెం పైకెత్తమని, ఓపికగా ముడి వేశాడు. ఒక చెవి పెద్దదైతే మళ్లీ విప్పి కట్టాడు. పెద్దాయన కేబిన్ అద్దంలో చూసుకుని, కోటు గుండీ పెట్టుకుని, నడుం నిలబెట్టి నడిచి వెళ్లారు. ఆ ఓడ సేవలకు నేను ఎన్ని మార్కులు వేసినా అవి ఆ ముడికి వేసినవే.

దుస్తులు మార్చుకోవడం ఇష్టం లేని వాళ్లకు అక్కడ చోటు లేదనుకోవద్దు. కింగ్స్ కోర్ట్ బఫే, గోల్డెన్ లయన్ పబ్ వంటి చోట్లకు గాలా రాత్రి కూడా మామూలు దుస్తులతో వెళ్లవచ్చు. ఇంకో మేలు, అక్కడ ప్రయాణికులే ఉతుక్కునే గది ఉంది, ఇస్త్రీ బల్లలతో సహా, ఉచితంగా. గాలా రోజు మధ్యాహ్నం మాత్రం అక్కడ వరుస ఉంటుంది, ఉదయమే వెళ్లాలి. న్యూయార్క్ వైపు వెళ్లేటప్పుడు అయిదు రాత్రులు గడియారం గంట చొప్పున వెనక్కి జరుగుతుంది, అందువల్ల తయారు కావడానికి తొందర ఎప్పుడూ కలగలేదు.

మూడో ఓడ నార్వీజియన్ సంస్థది. ఆ సంస్థ 2000 నుంచి ‘ఫ్రీస్టైల్’ పద్ధతి పాటిస్తోంది: తప్పనిసరి ఫార్మల్ నైట్ లేదు, ఇష్టమైతే ముస్తాబు కావచ్చు. మనుషులు హాయిగా ఉన్నారు, భోజనం బాగుంది, పెట్టె తేలిక. పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను దీన్నే సిఫారసు చేస్తాను. కానీ నాకు ఆ సాయంత్రపు వెలితి చివరి దాకా ఉండిపోయింది. సెలెబ్రిటీ సంస్థ కూడా 2015లో ఫార్మల్ నైట్ తీసేసి ‘ఈవెనింగ్ చిక్’ పెట్టింది. టై ఉన్నా లేకున్నా ఫరవాలేదు, కళగా ఉంటే చాలు. వైకింగ్ సముద్ర ఓడల్లోనూ ఫార్మల్ నైట్ లేదు. టికెట్ కొనేముందు గది ఎంతుందో చూసే మనిషి ఈ ఒక్క నియమమూ చూసుకోవాలి. మనసుకు నచ్చని ఓడ ఎక్కి ఏడు రాత్రులు బఫేలో దాక్కోవడం కంటే అది నయం.

ఇక పెట్టె సంగతి. ఏడు రాత్రులకు మగవాళ్లకు ఒక ముదురు సూటు, రెండు చొక్కాలు, రెండు టైలు చాలు. రెండో రాత్రి చొక్కా, టై మారితే కొత్త వేషమే. టక్సీడో సొంతంగా ఉంటే సంతోషంగా తీసుకెళ్లండి. లేకపోతే ఆ ఒక్క వారం కోసం కొనవద్దు, కొన్ని ఓడల్లో ముందుగా చెబితే అద్దెకు దొరుకుతుంది. ఆడవాళ్లకు ఒక నల్ల గౌను, దాని మీదికి రెండు వేర్వేరు శాలువాలు, రెండు రకాల నగలు. ఒకే రంగు చుట్టూ అల్లుకుంటే బూట్లు ఒక జతతో సరిపోతాయి. పెట్టెలో బరువంతా బూట్లదే కాబట్టి అక్కడ పొదుపు చేయడమే అసలైన పొదుపు.

బూట్ల గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. అట్లాంటిక్‌లో మూడో రోజు ఓడ పక్కకు ఊగుతుంటే, సన్నని మడమల చెప్పులు వేసుకున్న ఒక యువతి మెట్ల మధ్యలో రెండు చేతులతోనూ కమ్మీ పట్టుకుని నిలిచిపోయింది. ఆమె చేతిసంచి మెట్ల మీదుగా కిందికి జారిపోయింది. నా భార్య ఆమె మోచేయి పట్టుకుని దించింది. వెడల్పు మడమ, గట్టి పట్టున్న అడుగు ఉండాలి. గౌను పొడవు ఆ చెప్పులు వేసుకునే కొలవాలి. భుజానికి తగిలించుకునే చిన్న సంచి ఉంటే ఒక చేయి ఎప్పుడూ కమ్మీకి ఖాళీగా ఉంటుంది. పై డెక్ తలుపుల కింద గడప ఎత్తుగా ఉంటుంది, బయట గాలి విసురుగా కొడుతుంది. భోజనశాలలో చల్లదనం కూడా ఎక్కువే, శాలువా అందం కోసమే కాదు.

కేబిన్ అలమర ఇరుకు. అయితే గోడలు చాలావరకు ఇనుప రేకువి, అయస్కాంతపు కొక్కేలు నాలుగు తీసుకెళితే సూటు, గౌను విడివిడిగా వేలాడుతాయి. ముఖ్యంగా, ఫార్మల్ దుస్తులను రేవులో పెట్టెతో అప్పగించవద్దు, కోటు సంచిని చేతిలోనే ఉంచుకోండి. ఫొటోగ్రాఫర్లు ఆ సాయంత్రం మెట్ల దగ్గర తెరలు కట్టి పిలుస్తారు. నిలబడటానికి డబ్బు అడగరు, నచ్చితేనే కొనవచ్చు. మేం ఒకటి కొన్నాం, రెండో ఓడలో తీసింది. నా భార్య అందులో ఆ పెళ్లిరోజు గౌనులోనే ఉంది.

దిగే ముందు రాత్రి పెట్టెలు తలుపు బయట పెట్టమంటారు. గౌను, సూటు అప్పుడే మడిచి లోపల పెట్టేయండి, మర్నాటి దుస్తులు, బూట్లు మాత్రం కేబిన్‌లోనే ఉంచుకోవాలి. రెండో ఓడలో ఉదయం దిగే వరుసలో ఆ పెద్దాయన మా ముందే నిలబడ్డారు. బో టై మడిచి కోటు పై జేబులో పెట్టుకున్నారు. దాని కొస ఒకటి బయటికి కనిపిస్తోంది.