సైలెన్సర్‌లో నీళ్లు: అయిదేళ్ల తరువాత తెలిసిన సంగతి

విశాఖ ఆటోనగర్ మేస్త్రీ గ్రైండర్‌తో సైలెన్సర్ పక్కభాగం కోయగానే నల్లటి నీళ్లు ధారగా నేలమీద పడ్డాయి. శబ్దాన్ని పీల్చుకోవడానికి లోపల కుక్కిన గ్లాస్‌వూల్, పిండకుండా వదిలేసిన మసిగుడ్డలా ముద్దయిపోయి ఉంది. అంతవరకు నేను తిట్టింది సముద్రాన్ని.

నా ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కారుకు ఈ ఎగ్జాస్ట్ (ఇంజన్ పొగను బయటికి పంపే గొట్టాల వరుస) 2019లో వేయించాను. పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ వరకు అంతా కారుతో వచ్చిందే. ఆ తరువాతి గొట్టం, సైలెన్సర్, చివరి మూతి మాత్రం కొత్తవి. కన్వర్టర్ కూడా పీకేస్తే ఇంకా బాగా గర్జిస్తుందని అమ్మినాయన ఊరించాడు. ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూత ఉన్న ఆ తేనెపట్టు లాంటి దిమ్మెను తీసేస్తే పొగ విషం ఉన్నదున్నట్టు బయటికొస్తుంది. పైగా దాని వెనుక ఉన్న ఆక్సిజన్ సెన్సర్ ఊరుకోదు, డాష్‌బోర్డులో ఇంజన్ దీపం వెలుగుతూనే ఉంటుంది. అందుకే వద్దన్నాను. ఈ వ్యవహారం మొత్తంలో నేను తీసుకున్న తెలివైన నిర్ణయం బహుశా ఇదొక్కటే.

శబ్దం గురించి మొదటి నెలలో కనబడినవారికల్లా చెప్పాను. తెల్లవారుజామున రుషికొండ దాటి భీమిలి వైపు వెళుతూ యాక్సిలరేటర్ తొక్కితే వచ్చే ఆ బొంగురు గొంతు ఇప్పటికీ ఇష్టమే. కానీ డబ్బు మిగులుతుందని రెసొనేటర్ (హోరును అణిచే అదనపు డబ్బా) లేని రకం కొన్నాను. విజయనగరం దారిలో ఇంజన్ నిమిషానికి 2,200 చుట్ల దగ్గర నిలకడగా తిరిగితే కారంతా తుమ్మెద దూరిన డబ్బాలా హోరెత్తేది. వెనుక సీట్లో ఉన్న అమ్మ ఆనందపురం దగ్గర, “నన్ను దింపేయరా, బస్సులో వస్తాను” అంది. ఆరు నెలల్లో రెసొనేటర్ వేయించాను. హోరు పోయింది, గొంతులో సగం కూడా పోయింది. వేగం పెరిగిందా అంటే, నా కాలికి తెలిసినంత వరకు లేదు.

పోయిన వానాకాలం సిరిపురం జంక్షన్‌లో గొంతు మారింది, పగిలిన బూరలా. దిగి వంగి చూస్తే సైలెన్సర్ అడుగు అతుకు దగ్గర వేలు పట్టేంత కన్నం! మేముండేది సముద్రం ఒడ్డున, లాసన్స్ బే కాలనీలో. బాల్కనీ గ్రిల్లుకు ఏడాదికోసారి రంగు వేయకపోతే పెచ్చులు ఊడతాయి. కాబట్టి దోషి ఎవరో నాకు అనుమానమే లేదు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి సైలెన్సర్‌కు ఆనిస్తే టక్కున అతుక్కుంది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండి తుప్పును బాగా తట్టుకునే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలైతే సాధారణంగా అంటుకోదు. ఇది 11 శాతం క్రోమియం ఉండే 409 అయి ఉండాలి. మోసపోయానని రెండు రోజులు మండిపడ్డాను. తీరా బిల్లు తీసి చూస్తే ‘స్టెయిన్‌లెస్ స్టీలు’ అని మాత్రమే ఉంది. 409 కూడా స్టెయిన్‌లెస్సే, కార్ల కంపెనీలు వాడేదీ ఎక్కువగా అదే. అడగకపోవడం నా తప్పు.

మేస్త్రీ మాత్రం అయస్కాంతం వైపు చూడనైనా చూడలేదు.

“రోజూ ఎంత దూరం తిరుగుతారు బాబూ?”

“ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు.”

“పొయ్యి మీద పెట్టి, వేడెక్కకముందే దించేస్తున్నారన్నమాట.”

లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. ఎగ్జాస్ట్ బాగా వేడెక్కితే అవి ఆవిరిగానే పోతాయి. లేకపోతే అన్నిటికంటే వెనుక, చల్లగా ఉండే సైలెన్సర్‌లో చేరి నిలుస్తాయి. ఇంజన్‌కు దగ్గరగా ఉన్న గొట్టం చెక్కుచెదరలేదు. ఉప్పుగాలే తినేసి ఉంటే తుప్పు బయటినుంచి లోపలికి పాకాలి, ఇది లోపలినుంచి బయటికి వచ్చింది. సముద్రం పూర్తిగా నిర్దోషి అననుగానీ, దాని వాటా కొక్కేల అతుకుల మీది పైతుప్పు వరకే.

సైలెన్సర్ ఒక్కటీ మార్పించాను, ఈసారి అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లి మరీ. మేస్త్రీ దాని అడుగున సన్నటి కన్నం వేశాడు. కారుతో వచ్చిన పాత సైలెన్సర్‌కు అలాంటిదే ఉండేదట, నేనెప్పుడూ గమనించలేదు.

మళ్లీ కొంటానా? రోజూ అనకాపల్లి వెళ్లొచ్చే ఉద్యోగమైతే నిస్సంకోచంగా కొంటాను, రెసొనేటర్‌తో సహా. నాలాంటి నాలుగు కిలోమీటర్ల మనిషికి, అందులోనూ శబ్దం మీద చలానా భయం ఉన్నవాడికి, ఇది దండగ ఖర్చేమో. నేను మాత్రం తీయించలేదు. ఆరబెట్టాలన్న సాకుతో ఆదివారాలు భీమిలి దాకా వెళ్లొస్తున్నాను. మొన్న ఉదయం వాచ్‌మన్ కంగారుగా పైకొచ్చాడు, కారు కింద నీళ్లు కారుతున్నాయని. కారనీ అన్నాను.